ఇళ్ల సముదాయంలో గలాటా – మూడో పాఠం: ఫిర్యాదు వచ్చిన ఇంటికి ఎలా పోవాలి

పోయిన పాఠంలో ఫిర్యాదుల పుస్తకం తెరిచాం. ఇప్పుడు అందులో ఏం రాయాలో చూద్దాం.

కర్నూలు జగన్నాథగట్టులో ప్రభుత్వం కట్టించిన టిడ్కో ఇళ్లలాంటి చోట బ్లాకు కమిటీ మీ చేతిలో ఉందనుకోండి. కింది ఇంటాయన వచ్చి, "పైన ముసలామె రాత్రంతా తలుపులు బాదుతోంది. పిచ్చి పట్టింది, ఖాళీ చేయించండి" అన్నాడు. పుస్తకంలో పిచ్చి అని రాయకండి. "రాత్రి 2 గంటలకు తలుపు కొట్టిన చప్పుడు, అరగంట సేపు, మూడు రోజులుగా" అని రాయండి.

రాత్రిపూట గుంపుగా పోవద్దు. పొద్దున ఇద్దరే పోండి, ఒకరు ఆడమనిషైతే మేలు. "అవ్వా, బాగుండావా? రాత్రి నిద్ర పట్టిందా?" అని కూర్చోండి. ఫిర్యాదు మాట తర్వాత. పొయ్యి వెలిగించిన జాడ ఉందా? బీపీ మాత్రల అట్ట తెరిచినట్టుందా? కొడుకు ఎప్పుడొచ్చి పోయాడు? ఆ "మూడు రోజులు" ఇక్కడే పనికొస్తాయి. పెద్ద వయసులో ఉన్నట్టుండి వచ్చే గందరగోళానికి మూత్రంలో ఇన్ఫెక్షన్, షుగర్ పడిపోవడం, కొత్త మాత్రలు కూడా కారణం కావచ్చు. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. నెలల తరబడి మెల్లగా ముదిరిందంటే మతిమరుపు జబ్బేమోనని డాక్టరుకు చూపించాలి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416లో తెలుగులోనే మాట్లాడతారు. పిల్లలు పట్టించుకోకపోతే పెద్దల హెల్ప్‌లైన్ 14567 ఉంది. తల్లిదండ్రులు, పెద్దల పోషణకున్న 2007 చట్టం కింద ఖర్చు కోసం ట్రిబ్యునల్‌కూ పోవచ్చు.

చప్పుడు వెనక దెబ్బలున్నాయనిపిస్తే "మొగుడూ పెళ్లాల గొడవ" అని రాసి పుస్తకం మూయొద్దు. అప్పటికప్పుడు పోలీసులకు 112, ఆ తర్వాత ఆమె సాయానికి మహిళా హెల్ప్‌లైన్ 181. లౌడ్‌స్పీకర్ల సంగతి సులువు. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా బయట మోగించకూడదు, వినకపోతే పోలీసులు చూసుకుంటారు.

మాట వినని ఇంటికి నీళ్లు బంద్ చేయడం కమిటీలకు భలే ఇష్టమైన శిక్ష. లోపల మంచం పట్టిన మనిషి ఉంటే ఏం గతి? ఆ పని మాత్రం చేయకండి.

కింది ఇంటాయన్నీ గాలికి వదలొద్దు. నిద్ర లేకుండా పనికి పోతున్న మనిషి ఆయన. అవ్వ జబ్బు వివరాలు చెప్పకుండా, "పోయి చూశామన్నా, ఆసుపత్రికి పంపాం, గురువారం మళ్లీ మీ దగ్గరికొస్తా" అనండి. గురువారం పోండి.

అభ్యాసం: పుస్తకంలో పాత ఫిర్యాదు ఒకటి తీసి తాగుబోతు, రౌడీ, పిచ్చిది వంటి మాటలన్నీ కొట్టేయండి. ఇంకేమీ మిగలకపోతే, ఫిర్యాదు చేసిన మనిషిని మళ్లీ అడిగి రాయండి. వచ్చే పాఠంలో తాగొచ్చి మెట్ల మీద పడుకునే మనిషి సంగతి.