కోర్టు ఆర్డరుతో ఆస్పత్రికి వెళ్తున్నారా? మనిషి మాట కూడా పట్టుకెళ్ళండి

విశాఖపట్నం చినవాల్తేరు మానసిక ఆస్పత్రికి మెజిస్ట్రేట్ ఆర్డరుతో వచ్చే కుటుంబాలకు పారాలీగల్ వలంటీరుగా, అంటే లాయరు కాకపోయినా చట్టం సంగతుల్లో తోడుండే మనిషిగా, సాయం చేస్తుంటాను. అందరూ ముందు అడిగేది ఒకటే: "ఏటమ్మా, మావోడినెప్పుడొదుల్తారు?"

ఆర్డరు చదవండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 102వ సెక్షన్ కింద పరీక్ష కోసం చేర్పిస్తే 10 రోజులకు మించకూడదు. గడువయ్యాక డాక్టరు కోర్టుకు రిపోర్టు ఇస్తారు. మనిషి ఒప్పుకోకపోయినా ఇంకా ఉంచాలంటే 89వ సెక్షన్ దారి వేరే ఉంది, అదీ 30 రోజుల వరకే. దానికి నామినేటెడ్ రిప్రజెంటేటివ్, అంటే పేషెంటు తరఫున నిలబడే మనిషి, దరఖాస్తు పెట్టాలి.

ఆ రిప్రజెంటేటివ్ ఎవరో పేషెంటునే రాయనివ్వండి. తెల్లకాగితం, సంతకమో వేలిముద్రో చాలు, స్టాంపు పేపరు అక్కర్లేదు. చుట్టమే కావాలనీ లేదు. స్నేహితుడైనా సరే, ఆయన ఒప్పుకుంటున్నట్టు రాసివ్వాలి. అన్నదమ్ముల మధ్య ఇంటివాటా తగువున్నచోట ఈ కాగితం ఉండి తీరాలని నేను పట్టుబడతాను.

అన్నిటికన్నా ముఖ్యం, మనిషి మాటల్ని ఆయన చెప్పినట్టే ఒక పేజీలో రాయడం. పెదజాలరిపేట నుంచి వచ్చినాయన మందులు పారేస్తున్నాడని ఇంట్లోవాళ్ళ ఫిర్యాదు. ఎందుకని అడిగితే చెయ్యి చాపి చూపించాడు: "వల ముడేద్దారంటే యేళ్ళు వణికిపోతన్నాయి. ముడి పడకపోతే పడవెక్కనిస్తారేటి?" అదే రాసి ఇచ్చాం. డాక్టరు మందు మార్చారు. 'మొండివాడు' అని రాసుంటే డోసు పెరిగేదేమో! ఏ మందు పడలేదు, ఎవరిని చూస్తే ధైర్యం, రాత్రి లైటు ఉండాలా వద్దా, ఇలాంటివన్నీ అందులో ఉండాలి. ఇంట్లోవాళ్ళ ఫిర్యాదులకు వేరే కాగితం వాడండి.

వార్డు సంగతి క్లుప్తంగా. ఒంటరి గదిలో బంధించడానికి వీల్లేదు. వెంటనే ప్రమాదం జరిగేలా ఉండి, వేరే దారి లేనప్పుడే సైకియాట్రిస్టు అనుమతితో మనిషిని కట్టి ఉంచాలి. మత్తు, కండరాల సడలింపు మందు లేకుండా షాక్ ట్రీట్‌మెంట్ నిషిద్ధం. చికిత్స గురించి అర్థమయ్యే భాషలో చెప్పించుకోవడం పేషెంటు హక్కు, సిగ్గుపడకుండా మళ్ళీ అడగండి.

ఉచిత లాయరు కోసం 15100కి ఫోన్ చేయొచ్చు. డిశ్చార్జయ్యాక అర్ధరాత్రి గుబులు పుడితే ఫోన్‌లో మానసిక సాయం చేసే టెలిమానస్ 14416 ఉంది.

ఇక ఆర్డరు గడువు ముగిసే రోజు కోసం ఆగకండి. రెండు రోజుల ముందే డాక్టరును కలిసి, మీరు రాసిన పేజీ కేస్ షీటులో పెట్టారో లేదో కనుక్కోండి. పెట్టకపోతే జెరాక్సు చేతిలో ఉంచుకోండి, అక్కడే ఇచ్చేయొచ్చు.