కుట్లు వేసే ముందు రాయాల్సినవి

కొట్టిన దెబ్బలేమో అని అనుమానమున్న కేసుల్ల, పోలీసులకు, కోర్టుకు పోయే గాయాల రిపోర్టు ఎట్ల రాయాలో మన వరంగల్ దిక్కు క్యాజువాలిటీల్లో కొత్తగ డ్యూటీ ఎక్కిన హౌస్ సర్జన్ల కోసం రాస్తున్న. అర్ధరాత్రి నర్సంపేట నుంచో పరకాల నుంచో ఒకామెను తీస్కొస్తరు, "మెట్ల మీద జారిపడ్డది సార్" అని భర్తనే చెప్తడు, ఆమె నోరు తెరవది. ముందు ప్రాణం సంగతి చూడండి, బీపీ చూసి రక్తం ఆపినంక వెంటొచ్చినోళ్లందరినీ బయటికి పంపి, సిస్టర్‌ను పక్కన పెట్టుకుని ఆమెతోనే మాట్లాడండి. ఆమె చెప్పింది ఆమె మాటల్లనే రాయాలె, మీరు చూసింది వేరేగ రాయాలె, రెండూ కలపొద్దు.

కుట్లు పడ్డంక గాయం అంచులు మళ్ల దొరకవు. అందుకే ముందే పర్మిషన్ అడిగి, పక్కన స్కేల్ పెట్టి, దూరం నుంచి ఒకటి దగ్గర నుంచి ఒకటి ఫొటో తీయండి, పొడవు వెడల్పు సెంటీమీటర్లల్ల రాయండి. నెత్తి దెబ్బ కాడనే ఎక్కువ తప్పులైతయ్, తోలు కిందనే ఎముక ఉంటది కాబట్టి కట్టెతో కొడితే పగిలింది కూడ కత్తితో కోసినట్టే కనిపిస్తది. భూతద్దం పెట్టి చూస్తే అంచులు నలిగి, లోపల పోగులు ఇటు నుంచి అటు తెగకుండ ఉంటయ్. దాన్ని కోత గాయం అని రాస్తిరా, కట్టె కాస్త కత్తి అయితది, కేసే మారిపోతది.

కట్టె దెబ్బకు రెండు గీతలు పక్కపక్కన పడి మధ్యల తెల్లగ ఉంటది. ముంజేతికి చిటికెన వేలి వైపు దెబ్బలుంటే చెయ్యి అడ్డం పెట్టుకుందేమో అని ఆలోచించండి. మెడ పిసికితే పైకి ఏ గుర్తూ లేకపోవచ్చు, కనురెప్ప తిప్పి ఎర్రచుక్కలు చూడండి, గొంతు బొంగురుపోయిందా, మింగుతుంటె నొస్తుందా అడగండి. ఇంక పాకడం కూడ రాని పసిగుడ్డుకు ఒళ్లు కమిలితే మంచం మీదికెళ్లి పడ్డదన్న మాటతోని ఊకోవద్దు.

కమిలిన రంగు చూసి ఎన్ని రోజులైందో చెప్పుడు మానుకోండి. పసుపు కనిపిస్తే 18 గంటలు దాటి ఉంటదనొచ్చు, అంతే.

గాయం గ్రీవియస్ (తీవ్రమైంది) అనాల్నా, సింపుల్ (మామూలుది) అనాల్నా తేల్చనీకి 2024 జూలై 1 నుంచి బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 116వ సెక్షన్ చూడాలె, తీవ్రమైన నొప్పితోనో రోజువారీ పనులు చేసుకోలేకనో ఇన్ని రోజులుంటే గ్రీవియస్ అని పాత ఐపీసీ 320ల 20 రోజులున్న లెక్క ఇప్పుడు 15 అయింది. పన్ను ఊడినా గ్రీవియస్సే. ఎక్స్‌రే రాకముందే పోలీసాయన తొందరపెట్టిండని సింపుల్ అని రాసియ్యకండి, ఒపీనియన్ పెండింగ్ అని పెట్టండి. మనిషిని గుర్తుపట్టనీకి రెండు పుట్టుమచ్చలు రాసుడు మర్వద్దు. రక్తం అంటిన బట్టలు ఆరబెట్టి కాగితం కవర్లనే సీల్ చెయ్యండి, ప్లాస్టిక్‌ల పెడితే బూజు పడ్తది.