మాటలన్నీ వచ్చు, పేపర్ మాత్రం రాదు: గావోకావో ఇంగ్లీషులో పిల్లలు ఎక్కడ ఆగిపోతున్నారు, ఏం చేయాలి

చైనాలో ఏ అపార్ట్‌మెంట్‌లో ఉన్నా మన వాళ్లకి ఇది ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. పక్కింటావిడ పళ్ల సంచి పట్టుకుని వచ్చి, మీకు ఇంగ్లీషు బాగా వచ్చు కదా, మా అబ్బాయికి వారానికి ఒక గంట చూపిస్తారా అని అడుగుతుంది. జియాంగ్సు ప్రావిన్సులోని సుజౌలో మా తలుపూ అలాగే తట్టారు. ఇక్కడ మెడిసిన్ చదువుతున్న తెలుగు పిల్లల్ని కూడా తెలిసినవాళ్లు ఇలాగే అడుగుతుంటారు. ఒప్పుకోండి, మంచి పని, కానీ డబ్బు మాత్రం తీసుకోకండి. వర్క్ పర్మిట్ ఏ ఉద్యోగానికి ఇచ్చారో దానికే చెల్లుతుంది, 2021 జులై నుంచి ట్యూషన్ల మీద రూల్స్ కూడా బాగా గట్టిగా ఉన్నాయి.

పుస్తకం తెరిచే ముందు ఆ పిల్లాడు రాయబోయేది ఏ పేపరో కనుక్కోండి. తొమ్మిదో తరగతి అయ్యాక హైస్కూల్ సీటు కోసం రాసే జోంగ్‌కావో ఊరిని బట్టి మారుతుంది. పన్నెండు తర్వాత కాలేజీ సీటు కోసం రాసే గావోకావోలో బీజింగ్, షాంఘై, తియాన్‌జిన్‌లకి సొంత పేపర్లు ఉన్నాయి. నేను చెప్పేది జియాంగ్సు లాంటి ప్రావిన్సుల్లో పెట్టే జాతీయ ఒకటో పేపర్ గురించి. జూన్ 8 మధ్యాహ్నం, రెండు గంటలు, 150 మార్కులు. వినడానికి 30, చదవడానికి 50, ఖాళీలు నింపడానికి 30, రాయడానికి 40.

"మాటలన్నీ వచ్చు ఆయీ, పేరా అర్థం కాదు"

ఆయీ అంటే ఇక్కడ పిన్ని అన్నట్టు. పక్కింటి అబ్బాయి మొదటి రోజే ఈ మాట అన్నాడు, అది నిజమే కూడా. సిలబస్‌లో సుమారు 3000 మాటలుంటాయి, వాడు ఏ నుంచి జెడ్ దాకా పుస్తకం బట్టీ కొట్టాడు. వాళ్లమ్మ ఇంకో లావుపాటి మాటల పుస్తకం కొనడానికి సిద్ధంగా ఉంది. కొనవద్దని చెప్పాను.

పైకి ఒకేలా కనిపించే ఈ కష్టానికి రెండు వేర్వేరు కారణాలుంటాయి, ఏది మీ ముందున్నదో తెలుసుకోకుండా మందు వేస్తే సంవత్సరం పోతుంది. పరీక్ష చాలా తేలిక. పాత పేపర్లోంచి ఒక పొడుగు వాక్యం తీసుకోండి. ముందు ఒక్కో మాటకి అర్థం అడగండి. తర్వాత వాక్యం మూసేసి, ఎవరు ఏం చేశారు అని అడగండి. మొదటి దాంట్లో తడబడితే లోపం మాటల్లో ఉంది. మొదటిది చెప్పి రెండో దాంట్లో ఆగిపోతే లోపం వాక్యంలో ఉంది.

మాటల్లో ఉంటే, చాలాసార్లు అది తెలియని మాట కాదు, ఒకే అర్థం తెలిసిన మాట. "అడ్రస్" అంటే చిరునామా అని నోట్‌బుక్‌లో ఉంటుంది, పేపర్లో మాత్రం "అడ్రస్ ది ప్రాబ్లమ్" అని వస్తుంది, అక్కడ అది సమస్యని పట్టించుకుని పరిష్కరించడం. "కవర్" అంటే కప్పడం అని తెలుసు, పది మైళ్లు కవర్ చేశాడు అంటే తెలియదు. "ఫైన్" అంటే బాగున్నాను అని తెలుసు, జరిమానా అని తెలియదు. "నావెల్" నవల అని తెలుసు, కొత్తదైన అనే అర్థం తెలియదు. పేపర్ తయారుచేసేవాళ్లకి ఇలాంటి మాటలంటే ఇష్టం. చైనీస్‌లో వీటికి ఒక పేరే ఉంది, తెలిసిన మాటకి తెలియని అర్థం అని.

దీనికి చేయాల్సింది: ఇకనుంచి నోట్‌బుక్‌లో మాట ఒంటరిగా రాయనివ్వకండి. ఎక్కడ తగిలిందో ఆ వాక్యం మొత్తం రాయాలి, పక్కన ఆ వాక్యంలో దాని అర్థం ఒక్కటే. మర్నాడు, మూడో రోజు, వారం తర్వాత అర్థాన్ని చేత్తో మూసి వాక్యం చదివి చెప్పాలి. రోజుకి పది చాలు. వందేసి మాటలు బట్టీ కొట్టేవాడికి ఇది మరీ తక్కువగా అనిపించి మొదట ఒప్పుకోడు, రెండు వారాలు ఓపిక పట్టమనండి.

నేను చూపించే ఈ అబ్బాయి విషయంలో లోపం వాక్యంలో ఉంది. దీని గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే ఇక్కడ తెలుగువాళ్లం అమెరికా టీచర్ కంటే బాగా సాయపడగలం.

నేను కాగితం మీద ఒక వాక్యం రాశాను: "ది ఫార్మర్ హూ సోల్డ్ మీ ది వాటర్‌మెలన్స్ లాస్ట్ సండే హాజ్ మూవ్డ్ టు ది సిటీ." అన్ని మాటలకీ అర్థం టకటకా చెప్పాడు. పోయిన ఆదివారం ఏం జరిగింది అని అడిగితే, రైతు పట్నం వెళ్లిపోయాడు అన్నాడు. పుచ్చకాయలు ఎవరు అమ్మారు అంటే నా మొహం చూశాడు.

ఇదే తెలుగులో చెప్పుకోండి: పోయిన ఆదివారం నాకు పుచ్చకాయలు అమ్మిన రైతు పట్నం వెళ్లిపోయాడు. రైతు గురించిన సంగతంతా ముందొచ్చి, రైతు అన్న మాట చివర్లో వచ్చింది. చైనీస్ కూడా అచ్చం ఇంతే, వర్ణన అంతా ముందు చెప్పి, "ద" అనే చిన్న అక్షరం పెట్టి, తర్వాత మనిషిని చెబుతారు. ఇంగ్లీషు దీనికి రివర్సు, మనిషిని ముందు నిలబెట్టి, వాడి కథంతా వెనకాల తగిలిస్తుంది. పిల్లాడి బుర్ర రైతు అన్న మాట వినగానే వాడు ఏం చేశాడా అని క్రియ కోసం చూస్తుంది, ఏదో ఒక క్రియ పట్టుకుని మిగతాది వదిలేసి ముందుకు పోతుంది. చిన్నప్పుడు మనమూ ఇక్కడే తడబడ్డాం కదా.

చేయాల్సింది పెన్సిల్ పని. ఒక్కో పొడుగు వాక్యంలో "హూ, విచ్, దట్, వేర్" కనిపించిన చోట బ్రాకెట్ తెరవాలి, ఆ ముక్క అయిపోయిన చోట మూయాలి. బ్రాకెట్ లోపలిది వదిలేసి బయటది పైకి చదవాలి: రైతు పట్నం వెళ్లాడు. అప్పుడు లోపలిది చదవాలి. కొన్నిసార్లు "హూ" లాంటి మాట ఉండదు, "ది బుక్ ఐ బాట్" అన్నట్టు వస్తుంది, ఒక నామవాచకం పక్కనే ఇంకో నామవాచకమో, సర్వనామమో తగిలితే అక్కడ బ్రాకెట్ ఉందని అనుమానించాలి. రోజుకి ఐదు వాక్యాలు, అంతకంటే వద్దు. ఆరు వారాలయ్యాక ఆ అబ్బాయి పెన్సిల్ లేకుండానే కళ్లతో బ్రాకెట్లు పెట్టడం నేను చూశాను, చదువుతూ మధ్యలో ఒక్క క్షణం ఆగి మళ్లీ వెనక్కి వెళ్లి ముందుకొచ్చేవాడు.

అర్థమైంది, అయినా జవాబు తప్పు

చదివే భాగంలో నాలుగు పాసేజీలు, 15 ప్రశ్నలు, ఒక్కోటి రెండున్నర మార్కులు. మొదటిది సాధారణంగా ప్రకటనో, నోటీసో, తేలిక. చివరిది సైన్సు వ్యాసం లాంటిది, అక్కడే ఏడుపు.

నాలుగు ఆప్షన్లలో రెండు కొట్టేసి, మిగిలిన రెండిట్లో తప్పుది పెట్టి వస్తాడు. అదృష్టం బాగాలేదు అనుకుంటారు, అది అదృష్టం కాదు. ఏ ఆప్షన్లో పాసేజీలోని మాటలు ఉన్నవి ఉన్నట్టు కనిపిస్తాయో పిల్లలు దాని వైపు మొగ్గుతారు. సరైన జవాబు తరచూ వేరే మాటల్లో చెప్పి ఉంటుంది. ఇంకొకటి, లోకంలో నిజమైన విషయమే కానీ పాసేజీలో రచయిత అననిది.

చైనా పిల్లలందరి దగ్గరా తప్పుల నోట్‌బుక్ ఉంటుంది, చాలా మంచి అలవాటు. కానీ అందులో ప్రశ్న, సరైన జవాబు నీట్‌గా ఎక్కించి రంగుపెన్నుతో గీత గీసి మూసేస్తారు. దాన్ని మార్పించండి. మూడు విషయాలే రాయాలి: నేను పెట్టింది ఏది, అది ఎందుకు నచ్చింది, పాసేజీలో ఏ లైన్ దాన్ని కొట్టేస్తుంది. రెండోదే అసలు మందు. ఇరవై తప్పులు రాశాక వాడి చేతిరాతలోనే "అవే మాటలు కనిపించాయి" అని పదకొండుసార్లు ఉంది, ఇంక నేను చెప్పాల్సిన పని లేకపోయింది.

ఏడు వాక్యాలిచ్చి ఐదు ఖాళీల్లో పెట్టమనే ప్రశ్నకి పెద్ద వైద్యం అక్కర్లేదు. ఖాళీకి ముందు వాక్యం, వెనక వాక్యం చదివి, "దే", "దిస్", "హౌవెవర్" లాంటివి దేన్ని చూపిస్తున్నాయో వేలు పెట్టి చూపించమనండి. చూపించలేకపోతే ఆ వాక్యం అక్కడిది కాదు.

ఖాళీలు నింపేటప్పుడు చిన్నచిన్న మార్కులు కారిపోవడం

కథలో 15 ఖాళీలుండే ప్రశ్నలో ఒకటే తప్పు చేస్తారు, మొదటి లైన్ నుంచే నింపుకుంటూ పోతారు. ముందు ఖాళీలతోనే కథ చివరిదాకా చదవాలి, తర్వాతే పెన్ను తీయాలి.

పది గ్రామర్ ఖాళీలు వేరే సంగతి, ఒక్కోటి ఒకటిన్నర. చైనీస్‌లో క్రియకి నిన్న, ఇవాళ అనే తేడా అంటదు, బహువచనం చాలావరకు ఉండదు, "ఎ, ది" అసలే లేవు. ఆ చివరిది తెలుగులోనూ లేదు కాబట్టి, ఎక్కడ "ది" పెట్టాలో తెలియని టెన్షన్ మనకి బాగా తెలుసు. నాకు పనిచేసిన పద్ధతే వాడికి చెప్పాను: వినేవాడికి అది ఏదో ఇప్పటికే తెలుసా? తెలిస్తే "ది". ఇప్పుడే మొదటిసారి చెబుతున్నావా, ఒకటేనా, లెక్కపెట్టగలిగేదా? అయితే "ఎ". అన్నిటికీ సరిపోదు, కానీ ఎక్కువ చోట్ల కాపాడుతుంది. బ్రాకెట్లో క్రియ ఇస్తే, ముందు ఆ వాక్యానికి వేరే క్రియ ఇప్పటికే ఉందా అని చూడాలి.

"ఆల్‌దో ఇట్ వాజ్ రెయినింగ్, బట్ హీ వెంట్ అవుట్" అని రాస్తే తిట్టకండి. చైనీస్‌లో ఆ రెండు మాటలూ సాధారణంగా జంటగానే వస్తాయి. ఇంగ్లీషులో ఒకటే ఉండాలని చెప్పి, ఏది కొట్టేస్తాడో వాడినే ఎంచుకోనివ్వండి. "బికాజ్, సో" కూడా ఇంతే.

ఉత్తరం తప్పుల్లేకుండా ఉంది, మార్కులు రాలేదు

సుమారు 80 మాటల ఉత్తరం, 15 మార్కులు. రాసేవాడి పేరు లీ హువా. చైనాలో చదివిన ప్రతివాడికీ ఈ పేరు తెలుసు, ఏళ్ల తరబడి పరీక్షల్లో విదేశీ స్నేహితులకి ఉత్తరాలు రాస్తూనే ఉన్నాడు. మార్కులు రాకపోవడానికి కారణం ఒకటే, బట్టీ పట్టిన మొదటి పేరా. సమాజం అభివృద్ధి చెందుతున్న కొద్దీ అంటూ మొదలుపెట్టి, ముప్పై మాటలయ్యాక అసలు విషయానికి వస్తారు, అడిగిన రెండు పాయింట్లలో ఒకటి సగంలో ఆగుతుంది. పేరా కొట్టించేయండి. మొదటి వాక్యంలోనే ఎందుకు రాస్తున్నాడో చెప్పాలి, ఒక్కో పాయింట్‌కి రెండేసి వాక్యాలు, రెండో వాక్యంలో ఒక చిన్న నిజమైన వివరం ఉండాలి. మా ఊరు అందమైనది అనడం కంటే, అక్టోబర్ వస్తే మా వీధంతా గుయ్‌హువా పూల వాసన వస్తుంది అనడం. సుజౌ పిల్లాడికి అది వెతుక్కునే పనే లేదు.

కథ పూర్తి చేయమంటే గాల్లోకి వెళ్లిపోవడం

ఇదే అన్నిటికంటే కష్టం, 25 మార్కులు. 2016 అక్టోబర్‌లో జెజియాంగ్ ప్రావిన్సులో మొదలై మిగతా చోట్లకి వచ్చింది. సగం కథ ఇచ్చి, తర్వాతి రెండు పేరాలకి మొదటి వాక్యాలు మాత్రం ఇచ్చి, సుమారు 150 మాటల్లో ముగించమంటారు.

నేను సాధన కోసం ఒక కథ రాసిచ్చాను. ఒక అమ్మాయి తాతగారి పాత వయొలిన్ తీసుకుని స్కూల్ కచేరీకి వెళుతూ దాన్ని బస్సులో మరచిపోతుంది. మొదటి పేరా "ఆమె బస్సు వెనకాల పరుగెత్తింది" అని మొదలవ్వాలి, రెండోది "స్టేజి ఎక్కగానే ఆమె చేతులు వణికాయి" అని. మా వాడు మొదటి పేరా నిండా ఏడిపించాడు, కన్నీళ్లు తెగిన దండలోంచి ముత్యాల్లా రాలాయని రాశాడు, అది చైనీస్‌లో అందరూ వాడే పోలిక. రెండో పేరాలో ఆమె స్టేజి మీద వాయిస్తోంది. వయొలిన్ ఎక్కడి నుంచి వచ్చింది అని అడిగాను. పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి, చాలాసేపటికి "దొరికింది" అన్నాడు.

లోపం ఊహలో లేదు. మొదటి పేరా ఎక్కడ ఆగాలో రెండో పేరా మొదటి వాక్యం ముందే చెప్పేసింది, వాడు దాన్ని చదవకుండా రాయడం మొదలుపెట్టాడు. కాబట్టి వరస మార్చండి. ముందు రెండో పేరా మొదటి వాక్యం చదవాలి. అది జరగాలంటే ఆమె దగ్గర ఏముండాలి, ఆమె ఎక్కడుండాలి అని రఫ్ కాగితం మీద చైనీస్‌లోనే రాసుకోవాలి: వయొలిన్ చేతిలో, స్టేజి పక్కన, టైం తక్కువ. అక్కడికి చేర్చే మూడు పనులు అనుకోవాలి: డ్రైవర్ అద్దంలో చూశాడు, బస్సు ఆపాడు, పెట్టె చేతికిచ్చాడు. ఇచ్చిన కథలో పేరు పెట్టి చెప్పిన వస్తువు ఏదైనా ఉంటే అది ముగింపులో మళ్లీ రావాలి, తాతగారు ఊరికే రాలేదు. పోలికలు ఒకటి చాలు, మిగతా చోట మనుషులు ఏదో ఒకటి చేస్తూ ఉండాలి. రెండోసారి రాసినప్పుడు ముత్యాలు పోయి, డ్రైవర్ బొటనవేలు పైకెత్తి చూపించాడు. ఆ ఒక్క వాక్యం నాకు ఎంత నచ్చిందో చెప్పలేను.

టైం చాలకపోవడం, చేతిరాత

వినే భాగానికి దాదాపు 20 నిమిషాలు పోగా మిగిలేది 100. చదవడానికి 32, ఏడు వాక్యాలకి 8, కథ ఖాళీలకి 14, గ్రామర్‌కి 8, ఉత్తరానికి 13, కథకి 25. చాలామంది నాలుగో పాసేజీలో ఇరుక్కుపోయి, 25 మార్కుల కథని చివరి పది నిమిషాల్లో గీకేసి వస్తారు. 32 కాగానే దాన్ని వదిలేయడం ఇంట్లోనే ఫోన్ అలారం పెట్టి అలవాటు చేయాలి, పరీక్ష హాల్లో కొత్తగా రాదు.

జవాబు పత్రాలు స్కాన్ చేసి కంప్యూటర్ తెర మీద దిద్దుతారు. అందుకే ఇక్కడి పిల్లలు అచ్చుపోసినట్టుండే గుండ్రటి రాత నేర్చుకుంటారు, హెబే ప్రావిన్సులోని హెంగ్‌షుయ్ పేరుతో దాన్ని పిలుస్తారు. అంత అవసరం లేదని నా అభిప్రాయం. "ఓ"కీ "ఏ"కీ, "ఎన్"కీ "యు"కీ తేడా తెలియాలి, మాటల మధ్య ఒక అక్షరమంత ఖాళీ ఉండాలి, కొట్టివేత ఒక్క గీతతో అయిపోవాలి. వాడు రాసిన పేజీని ఫోన్‌తో ఫొటో తీసి, తెర మీద చిన్నది చేసి, వాడినే చదవమనండి. ఎక్కడ ఆగితే ఆ అక్షరాన్ని ఆ వారం దిద్దిస్తే సరిపోతుంది.