చలి ముదరకముందే కట్టెల స్టవ్ కొంటున్నారా? ముందు ఇవి చూసుకోండి

2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో కరెంటు పోయి ఇళ్ళు గడ్డకట్టిన రోజులు డాలస్, హ్యూస్టన్‌లలోని మనవాళ్ళకు ఇంకా గుర్తే.

• ముందు పొగగొట్టం, తర్వాతే స్టవ్. పాత ఫైర్‌ప్లేస్ గొట్టం ఉంది కదా అని చెక్ చేయించకుండా కలపొద్దు. లోపల పేరుకున్న మసి అంటుకుంటే ఇల్లే కాలిపోవచ్చు. గొట్టంలో పగులుంటే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు గదుల్లోకి వస్తుంది. దానికి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. పడకగదుల దగ్గర ఈ వాయువును పసిగట్టే బ్యాటరీ అలారం తప్పకుండా పెట్టండి.

• పెల్లెట్ స్టవ్ (చెక్కపొట్టు గుళికలతో మండేది) చూడటానికి బాగుంటుంది, కానీ చాలావాటికి కరెంటు కావాలి.

• గదికి మించిన సైజు వద్దు. వేడి తట్టుకోలేక స్టవ్‌లోకి వెళ్ళే గాలి తగ్గిస్తారు, మంట సరిగ్గా మండక మసి పెరుగుతుంది.

• కట్టెల్లో తేమ 20 శాతం లోపే ఉండాలి. చిన్న మీటర్‌తో తెలిసిపోతుంది.

• ఇన్సూరెన్స్ వాళ్ళకు ముందే చెప్పండి.