పిల్లలతో ఉప్పలపాడు పక్షుల దగ్గరికి: బెజవాడ, గుంటూరు వాళ్ళ కోసం

ఆదివారం పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్ళాలి అంటే మన దగ్గర చాలామందికి షాపింగ్ మాలో సినిమానో తప్ప ఇంకోటి తట్టదు. చలికాలంలో ఒక్క పూట ఉప్పలపాడు వెళ్ళి చూడండి. గుంటూరు వాళ్ళకి పక్క ఊరే. బెజవాడ నుంచైతే వారధి దాటి హైవే ఎక్కి, మంగళగిరి, కాజ టోల్‌గేట్ మీదుగా పెదకాకాని దాకా వెళ్ళి అక్కడ అడిగితే ఎవరైనా దారి చెప్తారు. బండి లేనివాళ్ళు గుంటూరు వెళ్ళే బస్సెక్కి, అక్కడి నుంచి ఆటో మాట్లాడుకోవచ్చు. రాను పోను కలిపి ముందే బేరం చేసుకోండి, లేకపోతే తిరుగు ఆటో దొరక్క ఇబ్బంది పడతారు.

అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా వెళ్ళడానికి మంచి రోజులు. ఎండ ముదిరాక వద్దు, చూడ్డానికి అప్పుడు పక్షులూ తక్కువే, పిల్లలూ డీలా పడిపోతారు. పొద్దున్నే వెళ్ళడం నాకిష్టం, ఎందుకంటే వెలుతురు మెత్తగా ఉంటుంది, ఎనిమిదిన్నర తొమ్మిదికల్లా చూడ్డం అయిపోతుంది. సాయంత్రం వెళ్తే మేతకి పోయిన పక్షులన్నీ గుంపులు గుంపులుగా గూటికి చేరడం కనిపిస్తుంది, అదీ బావుంటుంది గానీ దోమలు ఎక్కువ, కాబట్టి ఫుల్ హ్యాండ్స్ చొక్కాలు వేయండి, ఓడోమాస్ రాయండి.

చెరువు నీళ్ళ మధ్యలో చెట్లు, ఆ చెట్ల నిండా గూళ్ళు. కిలోమీటర్ల కొద్దీ నడవక్కర్లేదు, మోకాళ్ళ నొప్పులున్న అమ్మమ్మలూ తాతయ్యలూ కూడా హాయిగా రావచ్చు. ఒకటి మాత్రం ముందే చెప్పి తీసుకెళ్ళండి: అన్ని వందల పక్షులు ఒకచోట ఉంటే రెట్ట వాసన గట్టిగానే వస్తుంది. పది నిమిషాలకి అలవాటైపోతుంది. తలకి టోపీ పెట్టుకోండి, చేతులు సబ్బుతో కడుక్కోకుండా పిల్లలకి ఏమీ తినిపించకండి.

బైనాక్యులర్స్ ఒక్కటి ఉన్నా చాలు, ఇంట్లో లేకపోతే ఎవరినైనా అడిగి తీసుకెళ్ళండి, అది లేకుండా వెళ్తే సగమే చూసినట్టు. దాని అద్దానికి ఫోన్ కెమెరా ఆనించి ఫొటో తీస్తే దూరంగా ఉన్న గూడు కూడా బాగానే పడుతుంది. ముక్కులు చూసి గుర్తుపట్టడం పిల్లలకి తొందరగా వస్తుంది. కింద పెద్ద సంచీ వేలాడుతుంటే గూడబాతు, అంటే పెలికాన్. పసుపు ముక్కు, నారింజ రంగు మొహం, తోక దగ్గర గులాబీ రంగు ఈకలుంటే ఎర్రకాళ్ళ కొంగ. ముక్కు మూసినా మధ్యలో సందు కనిపిస్తే నత్తగుల్ల కొంగ, ఆ ముక్కుతోనే నత్తల్ని గుల్ల లోంచి లాక్కుని తింటుంది, దారిలో వరి చేలల్లో కూడా ఇది కనిపిస్తుంది, కారు ఆపి చూపించండి. నల్లటి బోడి తల, కొడవలిలా వంగిన ముక్కు ఉంటే ఐబిస్.

అన్నీ గబగబా చూసేసి వచ్చేయకండి. పిల్లలున్న ఒక గూడు ఎంచుకుని కనీసం పావుగంట దాని మీదే చూపు పెట్టండి. గూడబాతు మేత తెచ్చి వాలగానే పిల్ల తన తల మొత్తం తల్లి ముక్కు సంచీలోకి దూర్చేసి తింటుంది, మొదటిసారి చూసినవాళ్ళకి తల్లి దాన్ని మింగేస్తోందేమో అని భయం వేస్తుంది. ఎండ పెరిగితే ఎర్రకాళ్ళ కొంగ రెక్కలు విప్పి, ఎండకి అడ్డంగా నిలబడి పిల్లలకి నీడ పడుతుంది. ఇంట్లో ఫోన్ వదలని పిల్లలు కూడా ఇక్కడ కదలకుండా కూర్చుంటారు.

హారన్ కొట్టొద్దు, స్పీకర్లో పాటలు వద్దు, రాళ్ళు విసరడం అసలే వద్దు. పెద్ద పక్షి బెదిరి ఒక్కసారిగా లేస్తే గూట్లో ఉన్న గుడ్లూ పిల్లలూ కింద పడిపోతాయి. పక్షులకి చిప్స్, బ్రెడ్ వేయకండి, అవి చేపలు, నత్తలు లాంటివి తినేవి. డ్రోన్ ఎగరేద్దామనే వాళ్ళుంటే దయచేసి ఆపండి. ఈ పక్షుల్ని ఊరివాళ్ళు ఇన్నేళ్ళుగా కాపాడుకుంటూ వస్తున్నారు, మనం ఒక్క పూట ఉండి పాడుచేసి రాకూడదు.

టిఫిన్ తిరుగు దారిలో మంగళగిరిలో చేసేయొచ్చు. ఇంకా ఓపికుంటే ఉండవల్లి గుహలు తెరిచే టైముకి అక్కడుండండి. కొండని తొలిచి కట్టిన నాలుగు అంతస్తులు, లోపల పడుకున్న పెద్ద అనంతపద్మనాభస్వామి, పైనుంచి చూస్తే చుట్టూ అరటి తోటలు. మధ్యాహ్నానికి రాయి కాలిపోతుంది, పిల్లల్ని చెప్పుల్లేకుండా నడిపించకండి.

ఇక్కడిదాకా వచ్చాం కదా కృష్ణలో స్నానం చేద్దాం అని పిల్లలు గొడవ పెడతారు. వాళ్ళు ఎంత అడిగినా తెలియని చోట నీళ్ళలోకి దింపొద్దు, పైన నీళ్ళు ఉన్నట్టుండి పెరుగుతాయి, అడుగున గుంటలుంటాయి. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది, ఆ వరదకి అడుగు ఎక్కడ ఎంత కోసుకుపోయిందో పైనుంచి చూస్తే తెలియదు. భవానీ ద్వీపానికి పడవ ఎక్కితే అందరూ లైఫ్ జాకెట్ వేసుకున్నాకే కదలమనండి, 2017 నవంబరులో పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తా పడి ఇరవై మందికి పైగా పోయారు. పిల్లల సైజు జాకెట్ లేదంటే టికెట్ డబ్బులు పోయినా సరే దిగి వచ్చేయండి.