సంక్రాంతికి కారులో ఊరెళ్తున్నారా? పొగమంచును ఇలా తప్పించుకోండి

హైదరాబాద్ నుంచి విజయవాడ వైపు వెళ్లేవాళ్లలో చాలామందికి పండగ ముందు ఒకటే లెక్క. తెల్లవారుజామున మూడింటికి బండి తీస్తే పంతంగి టోల్‌ప్లాజా దగ్గర రద్దీ తప్పుతుంది. రద్దీ మాటేమో గానీ, అలా బయల్దేరిన కారు సరిగ్గా మంచు ముదిరే వేళకు సూర్యాపేట, కోదాడ మధ్యకు చేరుతుంది. అందుకే ముందు మార్చుకోవాల్సింది ఈ లెక్కనే.

1. బయల్దేరే టైం తేల్చుకోండి

జనవరి రాత్రుల్లో మబ్బు లేక, గాలి కూడా స్తంభిస్తే నేల త్వరగా చల్లబడుతుంది. దాన్ని ఆనుకున్న గాలిలోని తేమ సన్నటి నీటి తుంపరగా మారి అక్కడే నిలిచిపోతుంది. పొగమంచంటే అదే. సాధారణంగా అర్ధరాత్రి దాటాక మొదలవుతుంది, సూర్యోదయం వేళకు బాగా చిక్కబడుతుంది, ఎండ తగిలాక విడిపోతుంది. తడి ఉన్నచోట మరీ ఎక్కువ. ఈ దారిలో సాగర్ ఎడమ కాలువ కింది పొలాలు, గరికపాడు దగ్గర పాలేరు, కీసర దగ్గర మున్నేరు అలాంటి చోట్లు. అప్పటిదాకా రోడ్డు శుభ్రంగా కనబడినా, వాగు దగ్గరికి రాగానే ఉన్నట్టుండి తెల్లటి తెర ఎదురవుతుంది.

కాబట్టి ఉదయం ఎనిమిది తర్వాత బయల్దేరండి. టోల్ దగ్గర గంట ఆలస్యమైనా నష్టం లేదు, భోగి పిండివంటలు ఎక్కడికీ పోవు. తప్పక రాత్రే బయల్దేరాల్సి వస్తే, సూర్యాపేటలోనో అంతకంటే ముందో ఆగండి. టిఫిన్ చేసి, కాసేపు కునుకు తీసి, ఎండ వచ్చాక కదలండి.

2. ముందురోజు చూసుకోవాల్సినవి

వాతావరణ శాఖ బులెటిన్ చూడండి. అందులో ‘దట్టమైన పొగమంచు’ అని ఉంటే 200 మీటర్లకు మించి కనబడదని, ‘అతి దట్టమైన’ అంటే 50 మీటర్లు కూడా కనబడదని అర్థం. వెనక లైట్లు, బ్రేక్ లైట్లు వెలుగుతున్నాయో లేదో ఇంకొకర్ని నిలబెట్టి చూపించుకోండి. ముందు అద్దం లోపలివైపు కూడా తుడవండి, ఆ పని ఎవరూ చేయరు. ఫాస్టాగ్‌లో డబ్బులు చూసుకోవడం ఎలాగూ సరేసరి.

3. మంచులోకి వెళ్లాక

వేగం తగ్గించండి. 80 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారు, ఎదురుగా ఏదో ఉందని గమనించి బ్రేక్ వేసి పూర్తిగా ఆగేసరికి 60 మీటర్లకు పైనే పోతుంది. కనబడేది 50 మీటర్లే అయితే ఇక చెప్పేదేముంది? 40లో అయితే 25 మీటర్ల పైచిలుకులో ఆగుతుంది.

హై బీమ్ వేయొద్దు. ఆ వెలుతురు మంచు మీద పడి మన కళ్లలోకే తిరిగి కొడుతుంది. లో బీమ్, ఉంటే ఫాగ్ లైట్లు చాలు. నాలుగు ఇండికేటర్లూ వెలిగించుకుని నడపడం మనవాళ్లకు బాగా అలవాటు. అలా చేస్తే మీరు ఆగారో, కదులుతున్నారో, ఎటు తిరుగుతారో వెనకవాడికి తెలియదు. వాటిని బండి ఆపినప్పుడే వాడాలి.

అద్దం మసకబారితే వేలితో రుద్ది చూడండి. మసక లోపల ఉంటే ఏసీ వేసి గాలిని అద్దం మీదికి తిప్పండి. బయట ఉంటే వైపర్ వేసి, ఏసీ చల్లదనం తగ్గించండి.

ముందు లారీ వెనక లైటు పట్టుకుని వెళ్లడం క్షేమమనిపిస్తుంది, కానీ అది రోడ్డు దిగితే మీరూ దిగుతారు. ఎడమ పక్క తెల్ల గీతను చూస్తూ నడపండి. అసలు భయం రోడ్డు పక్కన లైట్లు లేకుండా ఆపిన లారీలతో, రిఫ్లెక్టర్ లేని ట్రాక్టర్లతో. పాటలు ఆపి, కిటికీ కొంచెం దించితే చప్పుడైనా వినబడుతుంది.

4. ముందుకెళ్లలేకపోతే

పెట్రోల్ బంకులోనో, టోల్‌ప్లాజా పక్కనో, హోటల్ ఆవరణలోనో ఆపండి. రోడ్డు అంచున మాత్రం వద్దు. బండి పాడై ఆపక తప్పకపోతే హజార్డ్ లైట్లు, అంటే నాలుగు ఇండికేటర్లూ వేసి, అందరూ దిగి రెయిలింగ్ అవతలికి వెళ్లండి. చలిగా ఉందని పిల్లల్ని కార్లో కూర్చోబెట్టొద్దు. తర్వాత జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేయండి.

5. భోగి రోజు ఇంకాస్త ఆగండి

ఆరోజు మంటల పొగ కూడా మంచుకు తోడవుతుంది. 2018 భోగినాడు ఈ రెండూ కలిసి చెన్నైలో విమానాల రాకపోకలే దెబ్బతిన్నాయి. ఊళ్లో దిగాల్సినవాళ్లు ముందురోజు మధ్యాహ్నానికే చేరుకోవడం మేలు.

6. ఢిల్లీ వైపు నుంచి రైల్లో వచ్చేవాళ్లకు

ఉత్తరాదిలో మంచు వల్ల రైళ్లు గంటల తరబడి ఆలస్యమవుతాయి. మీరు ఎక్కాల్సిన స్టేషన్‌కు రైలు మూడు గంటలకు మించి ఆలస్యమై, మీరు ప్రయాణం మానుకుంటే టికెట్ డబ్బు పూర్తిగా వెనక్కి వస్తుంది. ఆన్‌లైన్ టికెట్ అయితే ఆ రైలు మీ స్టేషన్ నుంచి కదలకముందే టీడీఆర్, అంటే డబ్బు వాపసుకు ఆన్‌లైన్ దరఖాస్తు, పెట్టాలి.