వేసవి ఫుట్‌బాల్ శిబిరంలో చేర్చే ముందు: పన్నెండు దాటిన పిల్లల తల్లిదండ్రులకు కొన్ని జాగ్రత్తలు

గత మే నెలలో మా వీధి చివరి ఇంటి అబ్బాయి, పదో తరగతి పాసై ఇంటర్‌లో చేరబోతున్నవాడు, ఒక ప్రైవేటు ఫుట్‌బాల్ శిబిరంలో చేరిన మూడో రోజునే మైదానంలో పడిపోయాడు. పడిపోవడానికి పావుగంట ముందు అతడు బంతిని తన జట్టు గోలు వైపే తన్నాడని, తోటివాళ్లు నవ్వితే కసురుకున్నాడని, ఏమైందని శిక్షకుడు అడిగితే "బస్సు వెళ్లిపోతుంది సార్" అని పొంతన లేని జవాబు చెప్పాడని ఆ తర్వాత మిగతా పిల్లలు చెప్పారు. శ్రద్ధ పెట్టడం లేదనుకుని శిక్షకుడు అతని చేత మైదానం చుట్టూ అదనంగా రెండు రౌండ్లు పరుగెత్తించాడు. రెండో రౌండు పూర్తి కాలేదు. అది వడదెబ్బ. ఆరు రోజులు ఐసీయూలో ఉండి, మూత్రపిండాలు దెబ్బతిని, ఎలాగో ప్రాణాలతో బయటపడ్డాడు.

హైదరాబాదు పాఠశాలల్లో ఇరవై రెండేళ్లు వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేశాను కనుక, ప్రతి ఏప్రిల్‌లోనూ తెలిసినవాళ్లు ఏ శిబిరం మంచిదని నన్ను అడుగుతుంటారు. టోపీ, నీళ్ల సీసా, మంచి బూట్లు అందరికీ తెలిసిన సంగతులే కాబట్టి వాటి గురించి ఇక్కడ రాయను. ఆ అబ్బాయి తల్లిదండ్రులు చేసిన పొరపాటు గురించి రాస్తాను, ఎందుకంటే అదే పొరపాటును నేను ఏటా చూస్తున్నాను. వాళ్లు అజాగ్రత్త గల మనుషులు కారు. డబ్బు కట్టే ముందు ఇద్దరూ కలిసి వెళ్లి శిబిరాన్ని చూసి వచ్చారు. అయితే ఆఫీసుల నుంచి వచ్చాక, రాత్రి ఏడున్నరకు వెళ్లారు. ఫ్లడ్‌లైట్ల వెలుగు, పచ్చగా మెరిసే టర్ఫ్, అప్పుడప్పుడే మొదలైన చల్లగాలి చూసి సంతృప్తిపడి వచ్చేశారు. వాళ్ల అబ్బాయి బ్యాచ్ మాత్రం మధ్యాహ్నం మూడున్నర నుంచి ఐదున్నర వరకు. ఆ వేళకు ఆ నేల మీద వాళ్లిద్దరిలో ఒక్కరూ నిలబడి చూడలేదు.

మీ బిడ్డ ఆడబోయే వేళకే వెళ్లి, ఆ మైదానం మధ్యలో నిలబడి చూడకుండా డబ్బు కట్టకండి. మిగతావన్నీ దీని తర్వాతే.

వేళ, నేల

వాతావరణ శాఖ చెప్పే ఉష్ణోగ్రత నీడలో, గాలి ఆడే పెట్టెలో కొలిచినది. మీ పిల్లవాడు ఆడేది నీడలో కాదు. పైగా నగరంలోని శిబిరాల్లో చాలా భాగం ఇప్పుడు కృత్రిమ టర్ఫ్ మీదే జరుగుతున్నాయి. అసలైన గడ్డి తనలోని నీటిని ఆవిరి చేస్తూ తనను తాను చల్లబరచుకుంటుంది, కానీ ప్లాస్టిక్ గడ్డికి, దాని మధ్య చల్లిన నల్లని రబ్బరు పలుకులకు ఆ గుణం లేదు. మండుటెండలో ఆ ఉపరితలం 60 డిగ్రీలు దాటడం అరుదేమీ కాదు. వెళ్లినప్పుడు అరచేతిని నేలకు ఆనించి పది లెక్కపెట్టండి. చెయ్యి తీసేయవలసి వస్తే, అదే నేల మీద మీ బిడ్డ రెండు గంటలు పరుగెత్తుతాడని గుర్తుంచుకోండి. మట్టి మైదానం ఈ విషయంలో మేలే గాని, అక్కడ గులకరాళ్లు, గుంటలు లేవని నడిచి చూసుకోవాలి.

మే నెలలో మనకు ఆరు గంటలలోపే తెల్లవారుతుంది కాబట్టి ఆరు నుంచి ఎనిమిది వరకు నడిచే బ్యాచ్ అన్నిటికన్నా మంచిది. ఉదయం తొమ్మిదికి మొదలయ్యేది, మధ్యాహ్నం నాలుగుకు ముందు మొదలయ్యేది ఎంత పేరున్న శిబిరమైనా వద్దు. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి తీరప్రాంతాల వాళ్లు థర్మామీటరు అంకెను నమ్ముకోకూడదు. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే చెమట పడుతుందే గాని ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. కనుక అక్కడి 35 డిగ్రీలు హైదరాబాదు 39 కన్నా ప్రమాదకరం కావచ్చు. అంతర్జాతీయ ఫుట్‌బాల్ పోటీల్లో వేడిని, తేమను, ఎండను కలిపి కొలిచే సూచిక 32 డిగ్రీలు దాటితే పూర్తి శిక్షణ పొందిన వృత్తి క్రీడాకారులకు సైతం మధ్యలో ఆట ఆపి విరామం ఇస్తారు. మన పిల్లలకు ఆ విరామం ఎవరిస్తున్నారో, ఎన్ని నిమిషాలకు ఒకసారి ఇస్తున్నారో మీరు చూడాలి. అది రాత్రి ఏడున్నరకు వెళ్తే కనిపించదు.

మొదటి పది రోజులు

పెద్ద పిల్లల విషయంలో ఇంకో చిక్కుంది. తొమ్మిది, పది, ఇంటర్ చదివే పిల్లలు ఏడాదంతా బెంచీ మీద కూర్చుని, పరీక్షల నెలలో ఇంటి గడప కూడా దాటకుండా, సెలవులు ఇచ్చిన వారంలోనే నేరుగా మైదానంలోకి దిగుతారు. చూడటానికి తండ్రి ఎత్తు ఉంటారు, ఆటలో మాత్రం కొత్తవాళ్లు. శరీరం ఎండకు అలవాటు పడాలంటే, అంటే చెమట త్వరగా మొదలై, అందులో ఉప్పు తక్కువగా పోయి, గుండె మీద భారం తగ్గాలంటే, పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. పది రోజుల శిబిరాల్లో ఉన్న లోపం ఇదే: శరీరం సిద్ధమయ్యే సరికి శిబిరం ముగుస్తుంది, ఈలోగా నిర్వాహకులు తీసుకున్న డబ్బుకు లెక్క చూపాలని మొదటి రోజు నుంచే పిల్లల్ని పరుగులు పెట్టిస్తారు. నాలుగు వారాల శిబిరంలో మెల్లగా మొదలుపెట్టే శిక్షకుడు దొరికితే, ఖరీదు కాస్త ఎక్కువైనా అక్కడే చేర్చండి. మొదటి మూడు రోజులు గంటకు మించకూడదు. మొదటి వారంలో పూటకొకసారి చొప్పున రెండు పూటలా శిక్షణ ఉండకూడదు. శిబిరం మొదలవడానికి రెండు వారాల ముందు నుంచే మీ పిల్లవాణ్ని ఉదయాన్నే నడిపించి, కొద్దికొద్దిగా పరుగెత్తించండి.

ఒక్కసారిగా ఎత్తు పెరుగుతున్న వయసులో మోకాలి చిప్ప కింద బొడిపెలా వాచి నొప్పి రావడం, మడమ వెనుక నొప్పి రావడం మామూలే. ఎముక చివర ఇంకా లేతగా ఉండగా బలమైన కండర బంధనం దాన్ని లాగడం వల్ల వచ్చే నొప్పి అది. కొద్ది రోజుల విశ్రాంతితో తగ్గేదాన్ని, "నొప్పి లేకుండా ఆట రాదు" అనే శిక్షకుడు నెలల తరబడి మానని బాధగా మారుస్తాడు. ఆడపిల్లలకు మోకాలి లోపలి బంధనం తెగే ప్రమాదం మగపిల్లల కన్నా ఎక్కువ. ఫిఫా 11 ప్లస్ పేరుతో సుమారు ఇరవై నిమిషాల సన్నాహక వ్యాయామాలు ఉన్నాయి, అవి గాయాలను బాగా తగ్గిస్తాయని పరిశోధనల్లో తేలింది. శిబిరంలో అవి చేయిస్తున్నారా, లేక నాలుగు గెంతులు గెంతించి బంతి ఇస్తున్నారా అన్నది మొదటి ఇరవై నిమిషాలు చూస్తే మీకే తెలిసిపోతుంది.

నేర్పేవారు

ఈ నగరంలో ఒకప్పుడు ఫుట్‌బాల్ అంటే అకాడమీ పేరు కాదు, గురువు పేరు. 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చిన, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో సెమీఫైనల్ దాకా వెళ్లిన భారత జట్లకు శిక్షకుడైన సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదు వారు, బడిలో పాఠాలు చెప్పినవారు. ఇప్పుడు గోడ మీద విదేశీ క్లబ్బు రంగులు, జెర్సీ మీద చిహ్నం కనిపిస్తాయి గాని, మీ పిల్లవాడి బ్యాచ్‌కు ఎవరు నేర్పుతారని అడిగితే జవాబు తడబడుతుంది. ఆ వ్యక్తి పేరు అడగండి, లైసెన్సు చూపించమనండి. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఇచ్చే డి లైసెన్సు, దాని పైన ఆసియా సమాఖ్య సి, బి, ఎ లైసెన్సులు ఉంటాయి. గోడ మీద వేలాడే లైసెన్సు ఎవరిదో కాదు, మైదానంలో మీ బిడ్డ ముందు నిలబడే మనిషిది అడగండి.

తర్వాత ఆయన్ని ఒకే ప్రశ్న అడగండి: ఆడుతూ ఆడుతూ ఒక పిల్లవాడు తూలి, పొంతన లేకుండా మాట్లాడితే మీరేం చేస్తారు? ఆట ఆపి నీడకు చేరుస్తాం, మంచునీళ్ల తొట్టిలో మెడ దాకా కూర్చోబెడతాం లేదా తడిగుడ్డలు కప్పి నీళ్లు పోస్తూ విసురుతాం, 108కి ఫోన్ చేస్తాం, ఒళ్లు చల్లబడే దాకా ఆపం అని చెప్పాలి. "వెంటనే కారులో ఆసుపత్రికి తీసుకెళ్తాం" అన్నది మంచి జవాబులా వినిపిస్తుంది, కాదు. ట్రాఫిక్‌లో పోయే ఆ అరగంటలోనే అవయవాలు దెబ్బతింటాయి. ముందు చల్లబరచాలి, తర్వాతే తరలించాలి. తొట్టి ఎక్కడుందో, మంచు ఎక్కడుందో చూపించమనండి. ఇంకొక అపోహ కూడా ఉంది: చెమట పడుతోంది కనుక వడదెబ్బ కాదని శిక్షకులే అంటారు. ఆటలో వచ్చే వడదెబ్బలో ఒళ్లంతా చెమటతో తడిసి ఉండవచ్చు. గుర్తు చెమట కాదు, మాట, నడక, ప్రవర్తన మారడం.

ఇక వరుసగా చెబుతాను, ఒక్కటీ వదలకండి.

కదిలించగలిగే గోలుపోస్టులను చేత్తో ఊపి చూడండి. నేలకు బిగించకపోతే, ఇసుక బస్తాలైనా వేయకపోతే అక్కడ చేర్చకండి. అడ్డకమ్మీ పట్టుకుని వేలాడిన పిల్లల మీద అవి తిరగబడి ప్రాణాలు తీసిన సంఘటనలు ఎన్నో దేశాల్లో జరిగాయి.

టర్ఫ్ అంచుకు, ఇనుప స్తంభాలకు, గోడకు మధ్య ఎంత ఖాళీ ఉందో అడుగులతో కొలవండి.

ఫ్లడ్‌లైటు స్తంభాల దగ్గర వైర్లు బయటికి వేలాడుతుంటే వెనక్కి తిరిగి వచ్చేయండి.

ఉరుము వినిపిస్తే ఆట ఆగాలి, చివరి ఉరుము వినిపించిన అరగంట దాకా మళ్లీ మొదలుకాకూడదు. మే నెల సాయంత్రాల్లో పిడుగులు చెప్పి రావు.

తలకు దెబ్బ తగిలి దిమ్మెక్కిన పిల్లవాణ్ని ఆ రోజు మళ్లీ ఆడించకూడదు. ఐదు నిమిషాలు కూర్చున్నాక "బాగానే ఉంది సార్" అన్నా ఆడించకూడదు.

పదమూడేళ్ల వాడిని, పదిహేడేళ్ల వాడిని ఒకే మ్యాచ్‌లో ఢీకొట్టించే శిబిరం వద్దు.

నీళ్లు తాగడాన్ని బహుమతిగా, నీళ్లు ఆపడాన్ని శిక్షగా వాడే శిక్షకుణ్ని ఒక్కసారి చూసినా చాలు, వద్దు. పరుగును శిక్షగా వేసేవాడు కూడా వద్దు.

జ్వరం తగ్గి వారం కాని పిల్లవాణ్ని పంపకండి. విరేచనాలు అయిన మరునాడు పంపకండి.

ఉబ్బసం ఉంటే ఇన్‌హేలర్ సంచిలో కాదు, శిక్షకుడి చేతికి అందేచోట ఉండాలి.

ఆడపిల్లల బ్యాచ్‌లో శిక్షణ జరిగినంత సేపూ బాధ్యత గల మహిళ ఒకరు మైదానంలో ఉండాలి. గేటు దగ్గర కాదు, మైదానంలో.

అక్కడే బస ఉండే శిబిరమైతే రాత్రి పిల్లల గదుల పక్కన ఎవరు పడుకుంటారో పేరుతో అడగండి. పిల్లవాడు మీకు ఫోన్ చేయడానికి ఎవరి అనుమతీ అవసరం లేకుండా ఉండాలి. పిల్లల సహాయవాణి 1098 నంబరు అతనికి కంఠతా రావాలి.

తల్లిదండ్రులు లోపలికి రాకూడదనే శిబిరంలో మీ బిడ్డ కూడా ఉండకూడదు.

క్లబ్బు ట్రయల్స్‌కు ఎంపిక చేయిస్తామని, విదేశాలకు పంపుతామని చెప్పి ముందే డబ్బు అడిగితే ఇవ్వకండి. ప్రైవేటు శిబిరం ఇచ్చే పార్టిసిపేషన్ సర్టిఫికెట్ క్రీడల కోటాలో పనికిరాదు, దాని కోసం చేర్చకండి.

మధ్యలో మానేస్తే డబ్బు ఎంత తిరిగి ఇస్తారో కాగితం మీద రాయించుకోండి. కట్టిన డబ్బు పోతుందన్న బెంగతో, బాధపడుతున్న పిల్లవాణ్ని మళ్లీ ఎండలోకి నెట్టిన తల్లిదండ్రులను నేను చూశాను.

మళ్లీ చెబుతున్నాను: ఆదివారం ప్రదర్శన మ్యాచ్‌కు వెళ్లి చూడటం చూడటం కాదు, వాట్సాప్‌లో పంపిన వీడియో చూడటం చూడటం కాదు, ఉదయం బ్యాచ్ చూసి మధ్యాహ్నం బ్యాచ్‌లో చేర్చడం అసలే కాదు. సగం రోజు సెలవు పెట్టి, మీ బిడ్డ ఆడబోయే వేళకే వెళ్లండి. మొదలయ్యే ముందు నుంచి ముగిసే దాకా నీడలోకి పోకుండా నిలబడండి. మీరు నిలబడలేకపోతే అతడు పరుగెత్తలేడు.

చేర్చిన తర్వాత కూడా మొదటి మూడు రోజులు ఇంట్లో ఎవరో ఒకరు ఆ వేళకు అక్కడ ఉండాలి. ఇంటికి వచ్చాక తలనొప్పి, వాంతులు ఉన్నాయా అని అడగండి. మూత్రం ఏ రంగులో వచ్చిందో కూడా అడగండి, పెద్ద పిల్లలు సిగ్గుపడతారు, అయినా అడగండి. డికాక్షన్ రంగులో వచ్చిందంటే తెల్లవారే దాకా ఆగకుండా ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లండి.